నారుమడికి నీళ్లున్నాయి, నాట్లకే లేవు

సంపాదకుల వారికి నమస్కారం.

మొన్న ఆదివారం మీ పత్రికలో హైదరాబాద్ స్టార్టప్‌ల గురించి వచ్చిన పూర్తి పేజీ కథనాన్ని రెండుసార్లు చదివాను. ఎన్ని కంపెనీలు పుట్టాయి, ఎంతమంది కుర్రాళ్లు ఉద్యోగాలు వదిలి సొంత ఆలోచనతో బయటికొచ్చారు అన్నది చక్కగా రాశారు. చదివి సంతోషించాను. అయితే పుట్టిన కంపెనీ ఎదిగే వయసులో ఏమవుతోందో అందులో ఒక్క వాక్యం కూడా కనపడలేదు. ఆ లోటును నేను దగ్గరగా చూశాను, అందుకే ఇంత పొడుగు ఉత్తరం రాస్తున్నాను. కత్తిరించకుండా వేయగలిగితే వేయండి.

నాకు బాలానగర్‌లో చిన్న మెషీన్ షాపు ఉంది. నర్సాపూర్ చౌరస్తా నుంచి లోపలికి, స్టీలు దుకాణాల వెనక సందులో. నాలుగు వీఎంసీలు (కంప్యూటరు నడిపే మిల్లింగ్ మెషీన్లు), రెండు లేతులు, పదకొండు మంది మనుషులు. మాది సూర్యాపేట దగ్గర పల్లె. ఇక్కడి కేంద్ర ప్రభుత్వ శిక్షణ సంస్థ సీఐటీడీలో టూల్ అండ్ డై మేకింగ్ నేర్చుకుని, పరాయి షాపుల్లో పన్నెండేళ్లు పనిచేసి, 2003లో సొంతంగా పెట్టుకున్నాను. డ్రాయింగ్ తెచ్చిస్తే ముక్క చేసిస్తాం. జాబ్ వర్క్ అంటారు దీన్ని. వెంచర్ క్యాపిటల్, అంటే వడ్డీకి కాకుండా వాటాకి పెట్టే పెట్టుబడి, అన్న మాటకీ నా షాపుకీ సంబంధం ఏమిటని మీ పాఠకులు అనుకోవచ్చు. 2022 దాకా నేనూ అలాగే అనుకున్నాను.

2018 జూన్‌లో ముగ్గురు పిల్లలు ఒక స్కూటరు, ఒక మోటారు సైకిలు మీద వచ్చారు. ఇద్దరు అబ్బాయిలు, ఒక అమ్మాయి. డ్రాయింగ్ ఆ అమ్మాయి చేతిలో ఉంది. మందుల ఫ్యాక్టరీల్లో పంపులూ మోటార్లూ ఉంటాయి కదా, వాటికి అరచేతిలో పట్టేంత పరికరం తగిలిస్తే బేరింగు పాడవబోతోందని మూడు నాలుగు వారాల ముందే చెప్పేస్తుంది. అదరడం, వేడెక్కడం లెక్కగట్టి చెబుతుందట. లోపలి ఎలక్ట్రానిక్స్ వాళ్లదే, ప్రోగ్రామూ వాళ్లదే. దాన్ని పెట్టే అల్యూమినియం పెట్టె చేసివ్వమని నా దగ్గరికొచ్చారు. ఆరు పెట్టెలు కావాలన్నారు. ఆరు ముక్కలకి ఎవరూ సెట్టింగ్ కట్టరు, గిట్టదు. ఆ అమ్మాయి డ్రాయింగులో టాలరెన్సులు, అంటే కొలతలో ఎంత తేడా ఒప్పుకోవచ్చన్నది, వేసిన తీరు చూసి ఒప్పుకున్నాను. ఎక్కడ బిగువు కావాలో అక్కడే అడిగింది, మిగతా చోట వదిలేసింది. చదువుకున్న వాళ్లలో ఆ తెలివి అరుదు.

2019లో నలభై చేశాం. 2021లో మూడొందలు. ఆ ఏడాదే వాళ్లకి తెలిసినవాళ్లూ, ఇద్దరు ముగ్గురు పెద్ద ఉద్యోగులూ కలిసి కోటీ అరవై లక్షలు పెట్టారు. ఏంజెల్ డబ్బు అంటారట. దాంతో కూకట్‌పల్లిలో చిన్న ఆఫీసు తీసుకున్నారు, పద్దెనిమిది మంది అయ్యారు. నన్ను ‘అంకుల్’ అని పిలిచేవాళ్లు. చీకటి పడ్డాక షాపుకొచ్చి, కొత్త ముక్కల మీద వెర్నియర్ పెట్టి కొలుచుకుంటూ, ఎదుటి హోటల్ నుంచి టీ తెప్పించుకుని కూర్చునేవాళ్లు.

2022 ఆగస్టులో వాళ్ల బతుకు మారే ఆర్డరొచ్చింది. ఒక పెద్ద మందుల సంస్థ తన ఫ్యాక్టరీలన్నిటికీ కలిపి ఐదువేల పరికరాలు కావాలంది. ఒక్కోటీ 18,000 రూపాయలు. అంటే తొమ్మిది కోట్ల ఆర్డరు. ఆర్డరు కాగితం నాకు చూపించడానికి ముగ్గురూ వచ్చారు. మా ఆవిడ ఆ రోజు పాయసం చేసి పంపింది.

నా కష్టమూ వాళ్ల కష్టమూ ఆ కాగితంతోనే మొదలయ్యాయి.

ఎందుకో మా పనిలో లెక్కతో చెబుతాను. అల్యూమినియం దిమ్మ నుంచి ఒక పెట్టె తొలవడానికి వీఎంసీ మీద 55 నిమిషాలు పడుతుంది. ఐదువేల పెట్టెలకి ఒక మెషీన్ రెండు షిఫ్టులూ ఆదివారం కూడా ఆపకుండా తిరిగినా తొమ్మిది నెలలు దాటుతుంది. ఖర్చు పెట్టెకి 1,450 రూపాయలు, మొత్తం 72 లక్షల పైచిలుకు. అదే డై, అంటే ఉక్కు అచ్చు, చేసి ఎల్ఎం6 రకం అల్యూమినియం కరిగించి ప్రెషర్ క్యాస్టింగ్ పోయిస్తే, తర్వాత చేసే చిల్లర మెషీనింగ్‌తో కలిపి పెట్టెకి 410 రూపాయలు. డై ఖర్చు ఎనిమిదిన్నర లక్షలు కలిపినా మొత్తం 29 లక్షలు. సగానికి సగం కన్నా తక్కువ. చిన్నపిల్లాడికైనా ఏది లాభమో తెలుస్తుంది. కానీ ఆ ఎనిమిదిన్నర లక్షలు ఒక్క పెట్టె కూడా చేతికి రాకముందే పెట్టాలి. సర్క్యూట్ బోర్డుల విడిభాగాలు ముందే కొని పెట్టుకోవాలి, చిప్పులవాళ్లు డబ్బు పడ్డాకే సరుకు పంపుతారు. మందుల ఫ్యాక్టరీల్లో సాల్వెంట్ల ఆవిరి ఉండే చోట పెట్టాలంటే పెట్టె ఫ్లేమ్‌ప్రూఫ్ కావాలి. లోపల నిప్పురవ్వ పుట్టినా మంట బయటికి రాకూడదు, మూతకీ పెట్టెకీ మధ్య సందు వెంట్రుక మందంలో ఉండాలి. దానికి గుర్తింపు ఉన్న ల్యాబులో పరీక్ష, ఆ తర్వాత నాగ్‌పూర్‌లోని పెసో, అంటే పేలుడు పదార్థాల భద్రత చూసే కేంద్ర సంస్థ, అనుమతి. నెలలు పడుతుంది. ఆ నెలలన్నీ పద్దెనిమిది మంది జీతాలు ఆగవు. సరుకు బిగించిన తొంభై రోజులకి గానీ కొనుక్కున్నవాళ్లు డబ్బు ఇవ్వరు.

ఇదీ ఎదుగుదల దశ అంటే. ఆలోచన పనిచేస్తుందని రుజువైంది, కొనేవాడు దొరికాడు, కానీ సంపాదించడానికి ముందు ఖర్చుపెట్టాల్సిన కొండ ఒకటి అడ్డంగా నిలబడుతుంది. వాళ్ల లెక్క ప్రకారం ఆ కొండ ఎత్తు 12 కోట్లు. ఈ ఆర్డరుకే కాకుండా తర్వాతి రెండేళ్లకి, అమ్మకాల మనుషులకి, రెండో రకం పరికరానికి అన్నీ కలిపి.

బ్యాంకుకి వెళ్లారు. మేనేజరు మర్యాదగానే మాట్లాడారట. మూడేళ్ల బ్యాలెన్స్ షీట్ చూస్తే మూడేళ్లూ నష్టమే. తనఖా ఏముందన్నారు. ఆ అమ్మాయి వాళ్ల నాన్నకి హన్మకొండలో ఇల్లుంది, అంతే. అది పెట్టొద్దని నేనే గట్టిగా చెప్పాను. ఇందులో ఆ మేనేజరుని తప్పుపట్టను. అప్పు ఇచ్చిన నెల నుంచే వడ్డీ రావాలి, అది అప్పు ధర్మం. ఈ పిల్లల చేతికి ఏడాదిన్నర దాకా రూపాయి రాదు. పైగా బ్యాంకులో ఉన్నది డిపాజిటర్ల డబ్బు. పదింటిలో ఆరో ఏడో మునిగిపోయే పనికి, మిగిలిన ఒకటి రెండింటి లాభంతో అన్నిటినీ పూడ్చుకునే ఓపిక ఉన్న డబ్బు వేరే ఉండాలి. వడ్డీ అడగకుండా వాటా తీసుకుని, ఏడెనిమిదేళ్లు కూర్చునే డబ్బు. వెంచర్ క్యాపిటల్ అనేది అందుకే పుట్టింది. వడ్డీ వ్యాపారం చూసి పెరిగిన నాకు ఈ తేడా అర్థం కావడానికి కొన్నాళ్లు పట్టింది. అర్థమయ్యాక మాత్రం ఆ డబ్బు లేని ఊళ్లో పెద్ద పరిశ్రమ ఎలా నిలుస్తుందా అన్న దిగులు పట్టుకుంది.

ఆ దిగులు ఆ సెప్టెంబరు నుంచి నా షాపులోకే వచ్చింది. 2022 మార్చి దాకా అమెరికాలో వడ్డీ రేటు దాదాపు సున్నా. అక్కడి కేంద్ర బ్యాంకు ధరలు అదుపు చేయడానికి వడ్డీ పెంచుకుంటూ పోయి, 2023 మే నాటికి ఐదు శాతం దాటించింది. ఊరికే బాండ్లలో పెడితే ఐదు శాతం వస్తుంటే అక్కడి పెద్ద నిధులు ఎక్కడో హైదరాబాదులో కుర్రాళ్ల పంపు సెన్సార్ల మీద ఎందుకు పెడతాయి? మన దేశంలో వెంచర్ ఫండ్లకి వచ్చే డబ్బులో పెద్ద భాగం బయటి నుంచి వచ్చేదే. అక్కడ కుళాయి కట్టేస్తే ఇక్కడ సందులో నా వీఎంసీ ఆగింది. ఈ ముడి తెలిసిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

ఆ పద్నాలుగు నెలలూ ఆ పిల్లలు తిరగని ఊరు లేదు. బెంగళూరు, ముంబయి, గురుగ్రామ్. ఒకరు మూడుసార్లు పిలిచి, నాలుగోసారి ఫోను ఎత్తలేదు. ఇంకొకరు పెట్టె, పరికరం వదిలేసి ప్రోగ్రామ్ ఒక్కటే అమ్మండి, అప్పుడు చూస్తామన్నారు. పరికరం లేకుండా ప్రోగ్రామ్ దేన్ని చదువుతుంది? సాఫ్ట్‌వేర్‌కి అలవాటుపడిన కళ్లకి ఫ్యాక్టరీ వస్తువు అంటే బరువుగా, నెమ్మదిగా కనపడుతుంది. ఫండ్ల ఆయుష్షు కూడా మామూలుగా ఎనిమిది, పదేళ్లే ఉంటుంది. మొదటి మూడు నాలుగేళ్లలో పెట్టి, చివరి మూడు నాలుగేళ్లలో అమ్ముకుని బయటపడాలి. పెసో అనుమతికే ఏడాది పోయే వస్తువంటే వాళ్లకి భయం. వాళ్ల భయం వాళ్లది, కాదనను.

ఈలోగా ఆర్డరు చేజారకూడదని నేను డై మొదలుపెట్టేశాను, నా బ్యాంకు ఓవర్‌డ్రాఫ్టు మీద. మొదటి విడతగా ఇవ్వాల్సిన 700 పెట్టెలు మిల్లింగ్‌లో చేసిచ్చాను. డైకి 8.50 లక్షలు, పెట్టెలకి 10.15 లక్షలు, జీఎస్టీతో కలిపి 22 లక్షలు. బిల్లు వేశాక నా చేతికి పైసా రాకపోయినా జీఎస్టీ మాత్రం తర్వాతి నెల కట్టాల్సిందే. కట్టాను. మూడో వీఎంసీ మీద నెలకి 61,000 ఈఎంఐ నడుస్తోంది. ఇద్దరు ఆపరేటర్లకి రెండో షిఫ్టు తీసేయాల్సి వచ్చింది. వాళ్లలో ఒకడు, నా దగ్గర ఆరేళ్లు పని నేర్చుకున్నవాడు, ఇప్పుడు శంషాబాద్ ఎయిర్‌పోర్టుకి క్యాబు తోలుతున్నాడు. మైక్రాన్ల తేడా వేలితో చెప్పగలిగిన కుర్రాడు.

చిన్న సరఫరాదారుకి 45 రోజుల్లో డబ్బు ఇవ్వాలని 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ఉంది. ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు రేటుకి మూడు రెట్ల చక్రవడ్డీ కూడా అడగొచ్చు. ఫిర్యాదు చేయమని మా ఆడిటరు రెండుసార్లు అన్నాడు. చేయలేదు. వాళ్ల దగ్గర ఉంటే నాకు ముందు ఇచ్చేవాళ్లని తెలుసు. అడగడానికి నేను ఫోను చేయకముందే వాళ్లే చేసి, “ఇంకో నెల ఆగండి అంకుల్” అని బతిమాలేవాళ్లు. ఆ గొంతు విన్నాక ఎవరు కేసు పెడతారు?

ఇదే రోజుల్లో, 2023 ఆగస్టులో, కోకాపేట నియోపొలిస్ వేలంలో ఎకరం వంద కోట్లు దాటింది. మీ పత్రికలో మొదటి పేజీలోనే చూశాను. మా పల్లె లెక్క ప్రకారం ఎకరానికి నలభై గుంటలు. ఆ ధరతో లెక్కేస్తే ఈ పిల్లలు అడిగిన 12 కోట్లు ఐదు గుంటల నేల కూడా కాదు. ఈ ఊళ్లో డబ్బు లేదని ఎవరంటారు? మందుల్లో, సాఫ్ట్‌వేర్‌లో, కాంట్రాక్టుల్లో, భూముల్లో సంపాదించినవాళ్లు ఈ నగరంలో బోలెడంతమంది ఉన్నారు. వాళ్ల డబ్బుకి తెలిసిన దారి ఒక్కటే, ప్లాటు. ప్లాటు మునగదు, ఎవరికీ జవాబు చెప్పక్కర్లేదు, రాత్రికి నిద్ర పడుతుంది. నేనూ షాద్‌నగర్ దగ్గర రెండొందల గజాలు కొన్నవాణ్ణే, ఆ ఆశ నాకు తెలుసు. కానీ ప్లాటు ఒక్క టర్నర్‌కి కూడా పని ఇవ్వదు. ఇప్పుడైతే మా బాలానగర్ లాంటి పారిశ్రామిక వాడల భూముల్ని వేరే వాడకాలకి మార్చుకునేందుకు 2025 నవంబరులో హిల్ట్ విధానం కూడా వచ్చింది. మా సందులో మాటలన్నీ ఇప్పుడు గజం ఎంత పలుకుతుందన్న దాని మీదే నడుస్తున్నాయి. మెషీన్ గురించి మాట్లాడేవాడు తగ్గిపోయాడు.

ఈ ఊరికి ధైర్యం లేక కాదు. శాంతా బయోటెక్నిక్స్ సంగతి మీ పాఠకుల్లో పెద్దవాళ్లకి గుర్తుండే ఉంటుంది. వరప్రసాద్ రెడ్డి గారు 1993లో మొదలుపెట్టి, 1997లో మన దేశంలోనే తయారైన హెపటైటిస్-బి టీకా తెచ్చారు. వందల రూపాయలు పలికే టీకా సామాన్యుడికి అందే ధరకి దిగింది. కష్టకాలంలో ఆ కంపెనీలో పెట్టుబడి పెట్టింది ఎవరు? ఒమన్ విదేశాంగ మంత్రి యూసుఫ్ బిన్ అలావీ. హైదరాబాద్ టీకాకి మస్కట్ నుంచి డబ్బు రావాల్సి వచ్చింది. ఆ తర్వాత అది ఫ్రెంచివాళ్ల చేతికి వెళ్లింది, 2009లో సనోఫీ సొంతమైంది. ఎవరి తప్పూ అనను, కానీ ఆ రోజు ఇక్కడివాళ్లు వాటా తీసుకుని ఉంటే ఆ విలువలో కొంత ఈ నేల మీదే మిగిలేది.

జరిగినప్పుడు ఎలా ఉంటుందో కూడా ఇక్కడే చూశాం. ఇక్కడి రాకెట్ కంపెనీ స్కైరూట్ పెట్టిన ఇద్దరూ ఇస్రో వదిలి 2018లో మొదలుపెట్టారు. 2021లో వాళ్లకి 1.1 కోట్ల డాలర్ల పెట్టుబడి రౌండు వచ్చింది, దాన్ని ముందుండి నడిపింది మన హైదరాబాదులోని విద్యుత్ కంపెనీ గ్రీన్‌కో వ్యవస్థాపకులు. ఊరివాళ్లు అలా ముందు నిలబడ్డాక, 2022 సెప్టెంబరులో సింగపూర్ ప్రభుత్వ నిధి జీఐసీ నాయకత్వంలో 5.1 కోట్ల డాలర్లు వచ్చాయి. సరిగ్గా కుళాయిలు కట్టేస్తున్న కాలంలో! రెండు నెలలకి, నవంబరు 18న, శ్రీహరికోట నుంచి విక్రమ్-ఎస్ ఎగిరింది. ప్రైవేటు సంస్థ చేసిన మొదటి భారతీయ రాకెట్ అది. ఆ రోజు మా షాపులో టీవీ లేక ఫోను మధ్యలో పెట్టుకుని అందరం చూశాం. సొంత ఊరివాడు డబ్బు పెట్టాడంటే బయటివాడికి అదొక పూచీ. పెళ్లి సంబంధానికి వచ్చినవాళ్లు ముందు పక్కింటివాళ్లని అడిగినట్టే.

మా బాలానగర్‌లోనే 1970లో మొదలైన ఎంటార్ టెక్నాలజీస్ ఇస్రోకీ అణువిద్యుత్తుకీ విడిభాగాలు చేస్తుంది. మధ్యలో 2007లో అమెరికా పెట్టుబడి సంస్థ బ్లాక్‌స్టోన్ దాంట్లో పెట్టుబడి పెట్టింది, 2021 మార్చిలో కంపెనీ పబ్లిక్ ఇష్యూకి వెళ్లింది. లేతు దగ్గర మొదలైన పని స్టాక్ మార్కెట్ దాకా వెళ్లగలదనడానికి మాకు రోజూ ఆ గేటే సాక్ష్యం. అయితే ఎంటార్‌కి బయటి పెట్టుబడి వచ్చేసరికి ముప్పై ఏడేళ్లు. ఎలక్ట్రానిక్స్, సాఫ్ట్‌వేర్ కలిసిన వస్తువుకి అంత వ్యవధి ఎవరూ ఇవ్వరు. మూడేళ్లలో ఎదగకపోతే ఇంకో దేశంవాడు అదే వస్తువు తెచ్చి మార్కెట్లో పెట్టేస్తాడు.

ప్రభుత్వం ఏమీ చేయలేదని నేను అనడం లేదు. 2015 నవంబరులో స్టార్టప్‌లకి చోటూ సలహా ఇచ్చే టీ-హబ్ వచ్చింది, 2022 జూన్‌లో రాయదుర్గంలో పెద్ద భవనంలోకి మారింది. 2023 మార్చిలో నమూనాలు చేసుకునే టీ-వర్క్స్ తెరిచారు. అక్కడి యంత్రాలు చూడ్డానికి నేను పనిగట్టుకుని వెళ్లాను, నా జన్మలో అంత మంచి మెషీన్ షాపు చూడలేదు. మొదటి ముక్క చేసుకోవడానికి ఇప్పుడు పిల్లలు నాలాంటివాళ్ల కాళ్లావేళ్లా పడక్కర్లేదు. అది గొప్ప మార్పు. మొదటి ముక్కకి దారి వేశాం, ఐదువేలవ ముక్కకి వేయలేదు. మా పల్లెలో అయితే నారుమడికి బిందెలతో మోసైనా నీళ్లు పోస్తారు. నాట్లు వేశాక ఎకరాలకి ఎకరాలు తడవాలంటే కాలువే రావాలి.

కాలువ ఎలా తవ్వాలో కొత్తగా కనిపెట్టక్కర్లేదు కూడా. 1990 ప్రాంతంలోనే మన రాష్ట్ర పారిశ్రామికాభివృద్ధి సంస్థ ఏపీఐడీసీ హైదరాబాదులో వెంచర్ క్యాపిటల్ సంస్థ పెట్టింది. దేశంలో మొదటి తరం వెంచర్ సంస్థల్లో అదొకటి, తర్వాత అందులోంచే వెంచరీస్ట్ అనే పెట్టుబడి సంస్థ వచ్చింది. బెంగళూరు పేరు ఇంతగా మోగక ముందు మాట ఇది! ఆ దారి మనమే వేసి, ఆ తర్వాత రాష్ట్రంగా మనమే మరిచిపోయాం.

ఇజ్రాయెల్ 1993లో యోజ్మా అని ఒక నిధి పెట్టింది. ప్రభుత్వం పది కోట్ల డాలర్లు తీసిపెట్టి, ఎక్కువ భాగంతో పది ప్రైవేటు ఫండ్లలో నలభై శాతం చొప్పున భాగం తీసుకుంది. మిగతా అరవై బయటి అనుభవజ్ఞులూ స్థానిక సంస్థలూ తేవాలి. ఏ కంపెనీలో పెట్టాలన్నది వాళ్ల నిర్ణయం, అధికారులది కాదు. ఐదేళ్లలోపు ప్రభుత్వం వాటాని అసలు ధరకి వడ్డీ కలిపి కొనేసుకోవచ్చు. లాభమొస్తే మీదే, రండి అన్నట్టు. చాలామంది అలాగే కొనేసుకున్నారు. ప్రభుత్వం డబ్బు తిరిగొచ్చింది, దేశంలో వెంచర్ పరిశ్రమ మిగిలింది. ఈ ఏర్పాటులో నాకు బాగా నచ్చింది ఆ అరవై శాతం షరతు. సబ్సిడీ అయితే తీసుకున్నవాడికి పట్టింపు ఉండదు. ఇక్కడ తన అరవైతో పాటు మునుగుతాడు కాబట్టి చూసి పెడతాడు.

మన కేంద్రం కూడా 2016లో 10,000 కోట్లతో ఫండ్ ఆఫ్ ఫండ్స్ పెట్టింది. చిన్న పరిశ్రమల బ్యాంకు సిడ్బీ దాన్ని నడుపుతుంది. అది నేరుగా కంపెనీలకి ఇవ్వదు, మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ దగ్గర నమోదైన ఫండ్లకి ఇస్తుంది, వాళ్లు దానికి కనీసం రెట్టింపు స్టార్టప్‌లలో పెట్టాలి. 2025 బడ్జెట్‌లో మరో 10,000 కోట్లు ప్రకటించారు. అంతరిక్ష కంపెనీలకి వెయ్యి కోట్ల నిధి 2024 అక్టోబరులో ఆమోదం పొందింది. పరిశోధన దశ దాటిన పరిజ్ఞానం కోసం లక్ష కోట్ల ఆర్‌డీఐ పథకానికి 2025 జులైలో కేబినెట్ సరే అంది. ఏంజెల్ ట్యాక్స్ అని కొత్త కంపెనీలకి వచ్చే పెట్టుబడి మీద వేసి పన్నెండేళ్లు పీడించిన పన్నును 2024 బడ్జెట్‌లో తీసేశారు, ఆ పిల్లలకి దాని నోటీసు ఒకటి వచ్చి మూడు నెలలు ఆడిటర్ల చుట్టూ తిరిగారు కాబట్టి దాని విలువ నాకు తెలుసు. ఇవన్నీ మంచివే. కానీ ఈ నీళ్లు ఫండ్ ఉన్న ఊరి వైపే పారతాయి. ఫండ్ నడిపేవాడి ఆఫీసు బెంగళూరులోనో ముంబయిలోనో ఉంటే, వాడు రోజూ తిరిగేది అక్కడి కంపెనీల మధ్యే. కూకట్‌పల్లిలో పద్దెనిమిది మంది ఉన్న ఆఫీసుకి రెండోసారి రాడు.

అందుకే నా అభ్యర్థన రాష్ట్ర ప్రభుత్వానికి. యోజ్మా పద్ధతిలోనే, హైదరాబాదులో ఆఫీసు పెట్టి ఇక్కడ కూర్చునే మూడు నాలుగు ఫండ్లలో భాగం తీసుకోండి. అవి మొదటి కోటి కోసం కాకుండా పది నుంచి ముప్పై కోట్ల రౌండ్ల కోసం ఉండాలి. ఆయుష్షు పన్నెండేళ్లు పెట్టండి, వస్తువు చేసే కంపెనీకి అంత కావాలి. ఎవరికి ఇవ్వాలన్నది సచివాలయంలో తేల్చకండి. ఇంత పని ఈ గడ్డ మీద జరగాలన్న ఒక్క షరతు మాత్రం పెట్టండి. నగరంలోని పెద్దలకి కూడా ఒక మాట. ఇలాంటి ఫండ్‌లో చేరాలంటే సెబీ నిబంధన ప్రకారం కనీసం కోటి రూపాయలు పెట్టాలి. నాలాంటివాడి వల్ల అయ్యే పని కాదు, కాకూడదు కూడా, పోతే తట్టుకోలేం. మీరు తట్టుకోగలరు. పది ప్లాట్లు కొనేచోట తొమ్మిది కొని, ఆ పదోదాన్ని ఇటు తిప్పండి.

వెంచర్ డబ్బు అమృతమని కూడా నేను చెప్పను. చివరికి 2023 నవంబరులో ఆ పిల్లలకి డబ్బు దొరికింది. ఆ ఒప్పందం ఆ అమ్మాయి నాకు చదివి వినిపించింది. వాళ్లు తీసుకునేది మామూలు షేర్లు కాదు, ప్రిఫరెన్స్ షేర్లు. రేపు కంపెనీ అమ్ముడుపోతే ముందు వాళ్ల పెట్టుబడి వాళ్లు తీసుకున్నాకే మిగతావాళ్లకి. బోర్డులో ఇద్దరు వాళ్లవాళ్లు. ఫలానా విషయాలు వాళ్లని అడక్కుండా చేయకూడదని రెండు పేజీల జాబితా. ఇంకెవరూ తలుపు తీయని రోజున ఏ షరతైనా ఒప్పుకోవాల్సిందే. ఊళ్లో నలుగురు పెట్టుబడిదారులుంటే బేరం ఆడేవాళ్లు.

ఆ షరతుల్లో ఒకటి తయారీ గురించి. ఆఫీసు బెంగళూరుకి మార్చాలి, పరికరాలు హోసూరు వైపు ఒక పెద్ద కాంట్రాక్టు ఫ్యాక్టరీలో చేయించాలి. డిసెంబరు మొదటి వారంలో నా 22 లక్షలు ఒక్క పైసా తగ్గకుండా అకౌంటులో పడ్డాయి. డబ్బు అందగానే మొదట నాకే వేశామని ఆ అమ్మాయి ఫోను చేసి చెప్పింది. జనవరిలో డై తీసుకెళ్లడానికి టెంపో వచ్చింది. డై వాళ్ల సొత్తు, డబ్బు ఇచ్చేశారు. మేమే తుడిచి, నూనె రాసి, తుప్పు పట్టని కాగితం చుట్టి, చెక్కపెట్టెలో బిగించి ఎక్కించాం. మూడు వందల నలభై కిలోలు. డై మీద చివరి పాలిష్ చేసిన మా ఫిట్టరు టెంపో చౌరస్తా మలుపు తిరిగేదాకా రోడ్డు మీదే నిలబడ్డాడు. ఆ కంపెనీ ఇప్పుడు బాగానే ఉందని వింటున్నాను, ఆ పిల్లలు చల్లగా ఉండాలి. వాళ్ల మీద నాకు కోపం లేదు. ఆ పెట్టె ఇప్పుడు ఇంకెక్కడో పోత పోసుకుంటోంది, అంతే.

మా సందులో ఈ కథ నా ఒక్కడిదే కాదు. వెనక వీధిలో ఒకాయనకి డ్రోన్ల రెక్కల బిగింపులు, ఫతేనగర్ బ్రిడ్జి అవతల ఇంకొకాయనకి వైద్య పరికరాల భాగాలు, జీడిమెట్లలో అనోడైజింగ్ చేసే మా బావమరిదికి ముగ్గురు కస్టమర్లు. అందరి దగ్గరా మొదటి ముక్కలున్నాయి, ఎక్కడో నాలుగొందలకో ఏడొందలకో ఆగిన రిజిస్టర్లున్నాయి.

కాబట్టి సంపాదకుల వారికి నాదొక విన్నపం. మీరు కొత్త కంపెనీ ప్రారంభమైనప్పుడు ఫొటో వేస్తారు, వంద కోట్లు వచ్చినప్పుడు వేస్తారు. ఈ రెంటి మధ్య ఏం జరుగుతోందో రాయడానికి ఒక విలేకరిని మా వైపు పంపండి. హైదరాబాదులో పుట్టి, రెండో రౌండు దగ్గర ఊరు మారిన కంపెనీలు ఎన్ని, ఏ షరతు మీద వెళ్లాయి అన్నది ఎవరైనా కూర్చుని లెక్క తీయాలి. ఆ లెక్క మంత్రుల బల్ల మీద పెట్టాలి. సందుల్లో ఎవరి దగ్గర ఏ రిజిస్టరు ఏ ముక్క దగ్గర ఆగిందో నేను తిప్పి చూపిస్తాను. పొద్దున ఎనిమిదిన్నరకి షాపు తెరుస్తాను. శుక్రవారం మాకు సెలవు, ఆ రోజు అయితే మెషీన్ల మోత ఉండదు, నింపాదిగా మాట్లాడుకోవచ్చు.

ఇట్లు,
ఒక జాబ్ వర్క్ షాపు యజమాని,
బాలానగర్, హైదరాబాద్.